జింక వేషం కట్టిన చిరుతపిల్ల

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఎండాకాలం వచ్చిందంటే పిల్లలకు తోచేది కాదు. వాగు ఎండిపోయేది, ఈత లేదు. గడ్డి మాడిపోయేది, పరుగు పందేలు లేవు. పొద్దస్తమానం నీడలో కూర్చుని ఒకరినొకరు గిల్లుకోవడమే పని. పెద్దవాళ్లకు తల బొప్పికట్టేది.

అలాంటి ఒక వేసవిలో తిప్పమ్మ అనే ముసలి కొండముచ్చు ఆ అడవికి వచ్చింది. తిప్పమ్మ చాలా ఏళ్లు ఒక ఊళ్లో ఉంది. అక్కడ నాటకాలాడే పందిరి పక్కన పెద్ద చింతచెట్టు ఉండేది. దాని కొమ్మ మీద కూర్చుని అన్ని వేషాలూ చూసింది. అన్ని పాటలూ విన్నది. వయసు మీద పడ్డాక అడవికి తిరిగొచ్చేసింది.

ఆవిడ ఎండిన వాగులో ఇసుక మీద నిలబడి అందరికీ వినిపించేలా చెప్పింది.

"మీ పిల్లల్ని నా దగ్గరికి పంపండి. వానలు పడేదాకా నాటకం నేర్పిస్తాను. బుడతలు రావచ్చు, గొంతులు మారుతున్నవాళ్లూ రావచ్చు. కానీ ఒక్క షరతు. ఈ ఇసుకలో కాలు పెట్టినవాళ్లు ఎవరినీ కరవకూడదు, తరమకూడదు. పెద్దవాళ్లకైనా ఇదే మాట."

తల్లులందరూ "సరే సరే" అన్నారు. కాసేపు ఇల్లు ప్రశాంతంగా ఉంటే చాలనుకున్నారు.

మర్నాడు పొద్దున్నే పిల్లలు వచ్చారు. కుందేలు పిల్లలు గుంపుగా వచ్చాయి. ముళ్లపంది అన్నాచెల్లెళ్లు ఒళ్లు గలగలలాడించుకుంటూ వచ్చారు. చెంగి అనే జింకపిల్ల వచ్చింది. అది ఎక్కువ మాట్లాడేది కాదు. అందరికన్నా చివర గండు అనే చిరుతపిల్ల వచ్చాడు. వాడికి గొంతు అప్పుడే మారుతోంది. గర్జించబోతే సగం గర్జన, సగం మ్యావు వచ్చేది. అది ఎవరికీ తెలియకూడదని వాడు ఛాతీ విరుచుకుని నడిచేవాడు.

"వేషం అంటే ఏమిటి?" అని అడిగింది తిప్పమ్మ.

"మొహానికి రంగు!" అన్నాయి కుందేలు పిల్లలు.

"గట్టిగా అరవడం!" అన్నాడు గండు.

తిప్పమ్మ నవ్వింది. "రంగు కడిగితే పోతుంది. అరుపు కాసేపట్లో ఆగిపోతుంది. వేషం కట్టడమంటే ఇంకొకరి లోపలికి వెళ్లి, కాసేపు ఉండి, తిరిగి రావడం. వెళ్లినవాళ్లు వెళ్లినట్టే తిరిగి రారు. అదే ఇందులో ఉన్న గమ్మత్తు."

పిల్లలకు సగం అర్థమైంది, సగం కాలేదు. 

మొదట నడక నేర్పింది. కుందేలు ఏనుగులా నడవాలి. ముళ్లపంది పాములా పాకాలి. తర్వాత వినడం నేర్పింది. కళ్లు మూసుకుని, ఎండుటాకు రాలిన చప్పుడు కూడా వినాలి. ఆ తర్వాత ఒకరోజు అందరినీ చుట్టూ కూర్చోబెట్టింది.

"మనం ఆడే కథ మనలోంచే రావాలి. మీరు మరిచిపోలేనిది ఏదైనా చెప్పండి," అంది.

ఒకరు తేనెటీగలు కుట్టిన సంగతి చెప్పారు. ఒకరు వరదలో కొట్టుకుపోయి బతికిన సంగతి చెప్పారు. చివరికి చెంగి నోరు విప్పింది.

"నిరుడు వేసవిలో నాకో తమ్ముడు ఉండేవాడు," అంది. "వాడికి దాహమెక్కువ. పెద్దమడుగు దగ్గర నీళ్లు తాగుతుంటే చిరుత వచ్చింది. అమ్మ, నేను పారిపోయాం. వాడు పారిపోలేకపోయాడు. తర్వాత అమ్మ రోజూ మడుగు దగ్గరికి వెళ్లి పిలిచేది. రాడని తెలుసు. అయినా పిలిచేది."

 గండు ఇసుకలోకి చూస్తూ కూర్చున్నాడు.

తిప్పమ్మ మెల్లిగా అడిగింది. "చెంగీ, ఇది మన నాటకం చెయ్యమంటావా? నువ్వు వద్దంటే వద్దు."

చెంగి తల ఊపింది. "చేద్దాం అవ్వా. మా అమ్మ దీని గురించి ఎవరితోనూ మాట్లాడదు. నాటకంలోనైనా ఎవరో ఒకరు మాట్లాడాలి."

"అయితే చిరుత వేషం నాదే!" అన్నాడు గండు లేచి.

"కాదు నాయనా. చిరుత వేషం చెంగిది. నువ్వు తల్లి జింకవి."

గండు మొహం ఎర్రబడింది. "నేనా? జింకనా? అదీ ఆడజింకనా? మావాళ్లు నా మొహాన ఉమ్మేస్తారు!"

వాడు తోక విసురుకుంటూ వెళ్లిపోయాడు. రెండు రోజులు రాలేదు. రాతిగుహలో పడుకున్నాడు. ఎటు తిరిగి పడుకున్నా చెంగి మాటలే వినిపించాయి. రాడని తెలిసీ పిలవడమేమిటి? అలా ఎలా పిలుస్తారు? వాడికి అది అర్థం కాలేదు. అర్థం కాకపోవడం వాడిని కుదురుగా ఉండనివ్వలేదు. మూడో రోజు తిరిగొచ్చాడు.

"జింక నీళ్లెలా తాగుతుందో చూపించు," అన్నాడు చెంగితో, మొహం పక్కకు తిప్పుకుని.

చెంగి చూపించింది. తల వంచింది. ఒక చెవి ముందుకు పెట్టింది, ఇంకో చెవి వెనక్కి తిప్పింది. ఒక గుక్క తాగింది. తల ఎత్తింది. మళ్లీ వంచింది.

"ఆ చెవి వెనక్కెందుకు?"

"మీవాళ్ల కోసం."

గండు అలాగే చేసి చూశాడు. ముందు చెవితో నీళ్లు, వెనక చెవితో అడవి. "ఇలా తాగితే నీళ్ల రుచేం తెలుస్తుంది?" అన్నాడు.

"తెలియదు," అంది చెంగి.

ఆ మాట విన్నాక గండుకి ఏదో గుర్తొచ్చింది. నిరుడు వేసవిలో వాళ్ల ఇంట్లో తిండి లేదు. వాళ్లమ్మ ప్రతిరోజూ వేటకు వెళ్లి ఒట్టి నోటితో తిరిగొచ్చేది. ఆకలితో ఏడిస్తే ఒళ్లు నాకి నిద్రపుచ్చేది. అలా ఉండగా ఒకరోజు తిండి తెచ్చింది. వాడు కడుపునిండా తిని, అమ్మ పొట్ట మీద పడుకుని నిద్రపోయాడు. ఎక్కడిదని అడగలేదు. ఆకలేసినవాడు అడగడు కదా.

వాడు చెంగి వైపు తిరిగాడు. "చెంగీ," అన్నాడు. "ఆ చిరుత మా అమ్మేనేమో."

చెంగి వాడి వైపు చూసింది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. పారిపోతుందేమో అనుకున్నాడు గండు. అది పారిపోలేదు.

"అయితే మీ అమ్మ ఆ రోజు ఎలా వచ్చి ఉంటుందో నాకు నేర్పు," అంది. "ఏదీ దాచకుండా నేర్పు."

గండు నేర్పాడు. పొట్ట నేలకు ఆనించి ఎలా పాకాలో నేర్పాడు. డొక్కలు లోపలికి పోయినప్పుడు అడుగు ఎలా తడబడుతుందో నేర్పాడు. ఇంటి దగ్గర పిల్లాడు ఏడుస్తున్నాడని తెలిసిన తల్లి ఎలా చూస్తుందో నేర్పాడు. చెంగి వాడికి పిలుపు నేర్పింది. ఎక్కడ గొంతు ఎత్తాలో, ఎక్కడ ఆగి వినాలో చెప్పింది. తిప్పమ్మ దూరం నుంచి చూస్తూ కూర్చుంది.

నాటకం రోజు వచ్చింది. సాయంత్రం ఎండ మెత్తబడింది. అడవంతా కదిలి వచ్చింది. వాగుకు ఒక గట్టు మీద గడ్డి తినేవాళ్లు కూర్చున్నారు. ఎదుటి గట్టు మీద మాంసం తినేవాళ్లు కూర్చున్నారు. నడుమ ఇసుక. ఇసుక చుట్టూ పిల్లలు రేలపూల గుత్తులు గుచ్చారు. పొద్దు వాలుతుంటే ఆ పూలు దీపాల్లా వెలిగాయి.

గండుకి తిప్పమ్మ ఎర్రమన్ను పూసి మచ్చలు కప్పింది. అంతలో వాడి మేనమామ కోరయ్య వచ్చాడు. కోరయ్య పెద్ద చిరుత. ఎకసెక్కాలంటే మహా సరదా.

"ఏరా అల్లుడూ, జింకవయ్యావా?" అని పగలబడి నవ్వాడు. తర్వాత వాడి చెవిలో అన్నాడు. "మన పరువు తీయకు. నాటకం మంచి పట్టు మీద ఉన్నప్పుడు ఒక్క గర్జన వెయ్యి. ఎదుటి గట్టు మీదవాళ్లు ఒకరి మీద ఒకరు పడి పారిపోతారు. చూసి తీరాలి! నువ్వు గర్జిస్తే నువ్వు మా వాడివి. లేదంటే ఈ జన్మకు నిన్ను జింకగాడనే పిలుస్తాం."

గండు ఒంటి మీది ఎర్రమన్ను సరిచేసుకున్నాడు.

నాటకం మొదలైంది. కుందేలు పిల్లలు ఇసుక మీద వరసగా పడుకుని మెల్లగా ఒళ్లు కదిలించాయి. చూస్తుండగానే అక్కడ మడుగు ఏర్పడింది. గాలికి నీళ్లు కదిలినట్టే ఉంది. ఎవరో ముసలి దుప్పి దాహమేసి పెదవులు తడుపుకుంది కూడా.

చిన్న ముళ్లపంది తమ్ముడి వేషంలో నీళ్ల దగ్గరికి వచ్చింది. దాని వెనకే గండు వచ్చాడు. తల వంచాడు. ఒక చెవి ముందుకు, ఒక చెవి వెనక్కి. గడ్డి తినేవాళ్ల గట్టు మీద చెవులన్నీ ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. అది వాళ్ల నడక. వాళ్ల భయం.

అప్పుడు చెంగి వచ్చింది.

పిల్లలూ, అది వచ్చిందని ముందు ఎవరికీ తెలియలేదు. గడ్డి కదల్లేదు. చప్పుడు లేదు. ఉన్నట్టుండి అక్కడ ఒక చిరుత ఉంది. బక్కచిక్కిన చిరుత. డొక్కలు ఎగిసిపడుతున్నాయి. దూకబోయి ఆగింది. వెనక్కి తిరిగి గుహ వైపు చూసింది. ఆ చూపులో ఇంట్లో ఏడుస్తున్న పిల్లాడు కనిపించాడు. మాంసం తినేవాళ్ల గట్టు మీద గండు వాళ్లమ్మ నిటారుగా లేచి కూర్చుంది. తన ఆకలిని ఒక జింకపిల్ల ఒంట్లో ఆమె చూస్తోంది.

చిరుత దూకింది. ముళ్లపంది పొదలోకి దొర్లి మాయమైంది, దాని వెనకే చెంగి కూడా. కుందేళ్ల మడుగు ఒక్కసారి చెదిరి, మళ్లీ నిశ్చలమైంది.

గండు ఒక్కడే మిగిలాడు.

కోరయ్య గట్టు మీంచి కన్ను గీటాడు. "ఇప్పుడు!" అన్నట్టు తోక ఆడించాడు. అంతా ఊపిరి బిగబట్టి ఉన్నారు. ఒక్క గర్జన వేస్తే చాలు. గండు మామయ్యను చూశాడు. తర్వాత గడ్డి తినేవాళ్ల గట్టు మీద, అందరికీ వెనకగా ఒంటరిగా నిలబడ్డ చెంగి వాళ్లమ్మను చూశాడు.

వాడు నోరు తెరిచాడు. పిలిచాడు.

అది గర్జన కాదు. పిల్లను పిలిచే తల్లి పిలుపు. మారుతున్న గొంతు నడుమ విరిగింది. విరిగినచోటే ఆగాడు. తల పక్కకు వంచి విన్నాడు. జవాబు లేదు. మళ్లీ పిలిచాడు. విన్నాడు. మూడోసారి పిలిచినప్పుడు, ఆ పిలుపు వాడిదని ఎవరికీ అనిపించలేదు. అడవే పిలుస్తున్నట్టుంది. చెట్ల మీద పక్షులు మాటలు మానేశాయి. కీచురాళ్లు ఆగిపోయాయి. గాలి కూడా ఎటూ పోకుండా నిలబడి విన్నట్టుంది.

ఎర్రమన్ను కింద మచ్చలున్నాయని అందరికీ తెలుసు. అయినా ఆ గట్టు మీద, ఈ గట్టు మీద ఒక్కరికీ చిరుత కనిపించలేదు. ఒక తల్లి కనిపించింది.

నాటకం అయిపోయింది. చప్పట్లు లేవు. అరుపులు లేవు. ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు.

చెంగి వాళ్లమ్మ గట్టు దిగింది. ఇసుక మీద నడిచి గండు ముందుకు వచ్చి ఆగింది.

"నేనలా పిలిచానని నీకెలా తెలుసు నాయనా?"

"మీ అమ్మాయి చెప్పింది పిన్నీ. నేను విన్నాను," అన్నాడు గండు. 

ఆమె వాడి నుదుటి మీద ఎర్రమన్ను నాకి తుడిచింది. అప్పుడు గండు వాళ్లమ్మ కూడా దిగి వచ్చింది. దూరంగా ఆగి, తల దించుకుంది.

"ఆ రోజు నా పిల్లాడు ఆకలితో ఉన్నాడు," అంది.

"చూశాను. నా కూతురే చూపించింది," అంది జింక.

వాళ్లు స్నేహితులయ్యారని మీకు చెప్పను. అలా చెబితే అబద్ధమవుతుంది. చిరుత గడ్డి తిని బతకలేదు. కానీ ఆ సాయంత్రం గండు వాళ్లమ్మ తనవాళ్లందరి ముందూ ఒక మాట అంది. "దాహంతో తల వంచినవాళ్ల మీద ఇక నేను దూకను. పెద్దమడుగు దగ్గర నాకు వేట లేదు." ఆమె చెప్పాక మిగతా చిరుతలు కాదనలేకపోయాయి. ఆ వేసవంతా ఆమె ఎక్కువ దూరం తిరగాల్సి వచ్చింది. కొన్ని రోజులు పస్తు కూడా ఉంది. అయినా మాట తప్పలేదు.

మర్నాడు పిల్లలు ఇసుకలో కొత్త నాటకం మొదలుపెట్టేసరికి కోరయ్య వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డాడు. అల్లుడిని చూసి నవ్వలేదు. జింకగాడనీ పిలవలేదు.

"ఏం నాయనా, ఏం కావాలి?" అంది తిప్పమ్మ.

"పెద్దవాళ్లకు కూడా నేర్పిస్తావా అత్తా?" అని అడిగాడు, నేల చూస్తూ. "ఏదైనా చిన్న వేషం. కుందేలు వేషమైనా పర్లేదు."

తిప్పమ్మ వాడిని బుడతల వరసలో నిలబెట్టింది. అంత పెద్ద చిరుత కుందేలు పిల్ల చూపించినట్టు ముందు ఒంగాడు. తర్వాత చెవులు దించుకున్నాడు. తర్వాత, చాలా మెల్లగా, గెంతాడు. చుట్టూ ఉన్న పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు.

నీతి: ఎదుటివారి బాధ తెలియాలంటే వాళ్ల చోట మనం నిలబడి చూడాలి, అలా చూసిన మనసు మళ్లీ మునుపటిలా ఉండదు.