పంజరానికి తగిలిన కాలు

అనగనగా ఒక రాజు. పేరు జయకేతుడు. అందరు రాజుల్లాగే ఆయనకీ ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, ముక్కు మీద కోపముంది. కొడుకులు లేరు. ఉన్నదల్లా ఒక్కతే కూతురు, చెంగల్వ. ఇరవై ఏళ్ళది. నవ్విందంటే కోటంతా వినబడేది.

ఆ ఊళ్ళోనే పైడి అని మగ్గం నేసే పిల్ల ఉండేది. చెంగల్వ ఈడుదే. నెలకో చీర నేసి కోటకు తెచ్చేది. ఒక్క చీర చూపించడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? వీళ్ళకు మాత్రం పొద్దున మొదలెడితే పొద్దుగూకేది!

ఒకనాడు చెంగల్వ పైడి చెయ్యి పట్టుకుని, "నా పెట్టెల్లో చీరలు పట్టట్లేదు పైడీ. నువ్వొస్తావనే నేయిస్తున్నాను," అంది.

పైడి తల వంచుకుని, "నువ్వు చూస్తావనే నేస్తున్నాను," అంది. అంతే. ఆ మాటతో ఇద్దరి మనసులూ ఇద్దరికీ తెలిసిపోయాయి.

ఇలా ఉండగా ఏడు సముద్రాల అవతలి నుంచి కరకంఠుడనే మాంత్రికుడు గాలిలో తేలుతూ వచ్చి, మేడ మీద తల ఆరబెట్టుకుంటున్న చెంగల్వను ఎత్తుకుపోయాడు. ఎందుకంటారా? మనుషుల్ని చిలకలుగా మార్చి పంజరాల్లో పెట్టుకోవడం వాడికి సరదా. వాడి సరదా మండిపోనూ!

రాజు మూడుసార్లు సైన్యాన్ని పంపాడు. మూడుసార్లూ ఓడలు విరిగి వెనక్కొచ్చాయి. అప్పుడు, తన కూతుర్ని తెచ్చినవాళ్ళకే ఆమెనిచ్చి పెళ్ళి చేస్తానని చాటింపు వేయించాడు. రాకుమారులు బోలెడుమంది వచ్చారు. సముద్రం చూశారు, విందు భోంచేశారు, వెళ్ళిపోయారు.

పైడి మాత్రం మగ్గం దిగి నడుముకి కొంగు బిగించింది. చెంగల్వ లేని ఊళ్ళో తనకేం పని? ఇన్ని అటుకులు మూట కట్టుకుని, ఇంత పట్టుదారం తీసుకుని బయల్దేరింది.

ఒడ్డున ఒక ముసలి తాబేలు పాత వలలో చిక్కుకుని గిలగిల్లాడుతోంది. పైడి పక్కన కూర్చుని ఒక్కో ముడీ విప్పసాగింది.

"కత్తితో కోసేస్తే పోయేదిగా తల్లీ?" అంది తాబేలు.

"నీ మెడ కూడా తెగుతుంది తాతా. చిక్కులు తియ్యడం నాకు రోజూ ఉండే పనేలే."

తాబేలు మనసు కరిగిపోయింది. ఎక్కడికి ప్రయాణమో అడిగి తెలుసుకుని, "ఎక్కు నా వీపు మీదికి!" అంది. ఒక సముద్రం దాటారు, ఉప్పునీళ్ళు. రెండో సముద్రం దాటారు, అవీ ఉప్పునీళ్ళే. ఏడూ ఉప్పునీళ్ళేనర్రా, ఇంకేం చెప్పను!

అవతలి ఒడ్డున మాంత్రికుడి దీవి. అందులో ఒక తుమ్మచెట్టు. దాని మీద గాలికి గూడు చినిగిపోయి ఏడుస్తున్న గిజిగాడు. పైడి తన పట్టుదారంలో సగం తెంపి ఇచ్చింది. గిజిగాడు సంబరపడిపోయి, చెవి దగ్గర వాలి రహస్యం చెప్పింది. "అక్కా, ఆ మాంత్రికుడి దగ్గర నూరు చిలకలున్నాయి. తొంభైతొమ్మిది మనుషులు. ఒకటి మాత్రం నిజం చిలక, దాంట్లోనే వాడి ప్రాణం ఉంది. అదేదో వాడికొక్కడికే తెలుసు."

పైడి తిన్నగా మాంత్రికుడి ముందు నిలబడి, "మా చెంగల్వను పంపించు," అంది.

వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "మూడు పనులు చెప్తాను. చేస్తే తీసుకుపో. ఒక్కటి తప్పినా నువ్వూ చిలకవే!"

మొదటి పని, గదినిండా చిక్కుపడిన పట్టుని పొద్దుగూకేలోగా విడదియ్యాలి. గిజిగాడు తన బలగాన్నంతా పిలుచుకొచ్చింది. అయిపోయింది. రెండో పని, వాడు ఏడో సముద్రంలోకి విసిరేసిన ఉంగరం తేవాలి. తాబేలు ఒక్క మునక వేసింది. అదీ అయిపోయింది.

మూడోసారి వాడు ఒక పెద్ద మండపంలోకి తీసుకెళ్ళాడు. నేల మీద వరసలు వరసలుగా నూరు పంజరాలు. "ఒక్కదాని మీద చెయ్యి వెయ్యి. రాజకుమారి కాకపోయిందా, నూటొకటో చిలకవి నువ్వే!"

అన్నీ పచ్చగానే ఉన్నాయి. అన్నిటికీ ముక్కులు ఎర్రగానే ఉన్నాయి. మాట్లాడదామంటే వాడు నోళ్ళు కట్టేశాడు. "చెంగల్వా, ఎక్కడున్నావే?" అని పైడి వరసల్లో తిరిగింది. ఎంత చూసినా ఆనవాలు దొరకలేదు. ఇంత దూరం వచ్చి పోగొట్టుకుంటానేమోనని గుండె జారిపోయింది. అప్పుడు గిజిగాడి మాట గుర్తొచ్చింది.

కళ్ళు తుడుచుకుని, "అయ్యా, కళ్ళు చెదిరిపోతున్నాయి. మీరే ఒక్కసారి ముందు నడిచి చూపించండి," అంది.

వాడు దర్జాగా నడిచాడు. కాలికి అడ్డమొచ్చిన పంజరాన్నల్లా తన్నుకుంటూ నడిచాడు. నాలుగో వరస చివర ఒక పంజరానికి వాడి బొటనవేలు తగిలింది. వాడు టక్కున వంగి, దాన్ని తాకి, వేళ్ళు కళ్ళకద్దుకుని ముందుకుపోయాడు. అద్దుకున్నట్టు వాడికే తెలీదు! మనకు నేర్పినట్టే వాడికీ చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పింది మరి, కాలు తగలకూడని దానికి తగిలితే కళ్ళకద్దుకోమని.

అన్నిటినీ తన్నేవాడికి దీని మీద ఎందుకింత భక్తి? పైడి చటుక్కున ఆ పంజరం తెరిచి చిలకని పట్టుకుంది.

వాడి మొహం పాలిపోయింది. "అది కాదే! మీ రాజకుమారి అది కాదు!"

"తెలుసులే. ఇది నువ్వు," అంది పైడి. "ముందు అందర్నీ మనుషుల్ని చెయ్యి."

చేశాడు, చెయ్యక చస్తాడా? అందరూ మనుషులయ్యాక మళ్ళీ మంత్రదండం ఎత్తబోయాడు. పైడి చిలక మెడ విరిచింది. వాడు ఉన్నచోటే కూలిపోయాడు.

చెంగల్వ పరుగెత్తుకుంటూ వచ్చింది. "రెండో వరసలో ఉన్నాను! నా ముందునుంచే వెళ్ళావు, గుర్తుపట్టలేదు!" అని నాలుగు తిట్టి, పైడి భుజం మీద తల పెట్టుకుని, "వచ్చావు. నాకోసం వచ్చావు," అని వెక్కివెక్కి ఏడ్చింది.

కోటకు చేరాక మంత్రి గొంతు సవరించుకుని, "ప్రభూ, ఆడపిల్లకి ఆడపిల్లనా?" అన్నాడు.

"నా మనసు చాటింపుకి ముందునుంచీ పైడిదే నాన్నగారూ," అంది చెంగల్వ.

కోపిష్ఠి రాజు కళ్ళు తుడుచుకున్నాడు. "మంత్రిగారూ, నా సైన్యం వెనక్కొచ్చింది, ఈ పిల్ల ముందుకెళ్ళింది. నా బిడ్డ ఇదిగో, నా ఎదుట నిలబడి ఉంది. కాదనడానికి నాకు నోరెలా వస్తుంది? రామ్మా పైడీ, ఈ ఇల్లు నీది."

పెళ్ళి అంగరంగ వైభవంగా జరిగింది. ఎవరు ఎవరికి తాళి కట్టాలని పురోహితుడు తల గోక్కుంటే, ఒకరికొకరు కట్టుకున్నారు. మొదటి విస్తళ్ళు తాబేలుకీ గిజిగాడికీ వేశారు. నలభై ఏళ్ళు చల్లగా రాజ్యమేలారు.

తలలు నెరిశాక ఒకరోజు పైడి అడిగింది. "చిలకగా ఉన్నప్పుడు, నేను రానేమోనని ఎప్పుడైనా అనిపించిందా?"

"ప్రతిరోజూ అనిపించింది," అంది చెంగల్వ. "అందుకేనే, ఇప్పటికీ పొద్దున్నే కళ్ళు తెరిచి పక్కన నిన్ను చూస్తే నాకు పండగ."

వాళ్ళలాగే మనమూ చల్లగా ఉందాం.