కింది అరలో కొమ్ముచెంబు

ఓబులేశు హకీం దస్తగిరి సాబ్ దగ్గర వైద్యం నేర్చుకుంటా, ఆయన మందుల పుస్తకాన్నంతా ఒకే పొడుగు పేజీగా ఫోన్లోకి ఎక్కించినాడు. ఊరోళ్ళు వాళ్ళ ఫోన్లలో చూసేదానికి యాప్ కూడా తనే రాసినాడు. రోగానికో లింకు. లింకులో ముందు పుస్తకం అడ్రసు, తర్వాత హాష్ గుర్తు (#), దాని వెనక రోగం పేరు. బయటికి పోయేది అడ్రసొక్కటే. రోగం పేరు ఫోన్ దగ్గరే ఉంటుంది, పేజీ వచ్చినాక ఆ చోటికి జరిపేదానికి.

మొన్న పుస్తకాన్ని కొత్త అడ్రసుకు మార్చినాడు. పాత అడ్రసుకు పోతే అదే కొత్తదానికి పంపిస్తుంది. పని అయిపోయిందనుకున్నాడు.

పొద్దున్నే సున్నంబట్టీ నుంచి కుళ్ళాయమ్మ ఫోను.

"సాబ్, మా ఆయన కంట్లో సున్నం పడింది! కన్ను లింకు నొక్కితే మిరియాల కషాయం అని వచ్చింది. కాచినా. పోసేదా?"

"పొయ్యొద్దు! అది దగ్గు మందు!" సాబ్ అరిచినాడు. "నీళ్ళు పొయ్యి. పోస్తానే ఆటో ఎక్కించుకొని రా."

ఓబులేశు తన ఫోన్లో కన్ను లింకు నొక్కి చూసినాడు. పుస్తకంలో మొట్టమొదటిది దగ్గే; పేజీ కన్ను దాకా జరగకుండా ఆడనే నిలబడిపోయింది.

"నా యాప్ తప్పేం లేదు సాబ్. పాత అడ్రసు కొత్తదానికి పొమ్మనింది, పోయింది. కన్ను దగ్గరికి పొమ్మని ఆడ ఎవురూ చెప్పలా."

సాబ్ వాని వైపు కూడా చూడలా. "మందుల గదికి పో. కింది అరలో కొమ్ముచెంబు తే. ఉరుకు!"

గదికి తాళం. తలుపు మీద సుద్దతో రాసుంది: 'సామాను వంటింటి వెనక గదిలో.' ఓబులేశు అటు ఉరికి, చెంబు పట్టుకొచ్చినాడు. అప్పుడే ఆటో ఆగింది.

సాబ్ కుళ్ళాయమ్మ మొగుణ్ణి పడుకోబెట్టి, రెప్ప పట్టుకొని, చెంబు కొమ్ములోంచి సన్నగా నీళ్ళు వదిలినాడు. ఆయన కేకలు పెడతాంటే, కదలకుండా కుళ్ళాయమ్మ ఆయన కాళ్ళ మీద కూర్చుంది.

"చెంబు యాడ దొరికింది?" పోస్తానే అడిగినాడు సాబ్.

"కింది అరలో."

"తలుపు మీద కింది అర అని రాసుందా?"

"లేదు సాబ్. మీరు చెప్పినారు కదా."

"తలుపు మీద పై అర అని రాసుంటే?"

"పై అరలోనే చూసేవాణ్ణి."

సాబ్ నీళ్ళు పోస్తానే ఉన్నాడు.

చానాసేపటికి ఆ మనిషి రెప్ప ఎత్తినాడు.

"కనపడతాందా?" అనింది కుళ్ళాయమ్మ.

"నీ మొహమే."

"అరిచింది చాలు. లే."

"నేరుగా కంటి ఆసుపత్రికి పోండి. దావలో కూడా నీళ్ళు ఆపొద్దు," అన్నాడు సాబ్.

ఆటో కదిలింది. సాబ్ చెంబు ఓబులేశు చేతికిచ్చినాడు.

"పెట్టి రా."

యాడ అని ఓబులేశు అడగలా. పెట్టొచ్చి, కొత్త అడ్రసు ఏ చోటూ చెప్పకపోతే పాత లింకులోని రోగం పేరునే పట్టుకొని పొమ్మని యాప్‌లో రాసేదానికి కూర్చున్నాడు.