ఓబులేసు సంతకం

ఓబులేసు మళ్లీ తాగాడని తెలిసిన రోజు హేమావతి అన్నం తినలేదు. బాధ కన్నా కోపం ఎక్కువగా ఉంది.

తాడిపత్రి ఊరి బయట, రేకుల కప్పు కింద పన్నెండు మంచాలు వేసి, తాగుడు మాన్పించే కేంద్రం నడుపుతున్నారు ఖాజా హుస్సేన్ గారు. ఆయన కూడా ఒకప్పుడు తాగి తాగి చావు అంచు దాకా వెళ్లినవారే. ఒక దర్గాలో ఉండే ముసలి ఫకీరు ఆయన్ని మూడేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని మనిషిని చేశాడు. అప్పటినుంచి ముప్పై ఏళ్లుగా ఇదే పని. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు.

హేమావతి ఆయన దగ్గర శిష్యురాలిగా చేరి రెండేళ్లయింది. సైకాలజీలో ఎమ్మే చదివింది. వ్యసనాలు మాన్పించే కౌన్సిలర్ పరీక్ష రాసి మొదటిసారే పాసయింది. ఇక మిగిలింది ఒక్కటే. తాను దగ్గరుండి మాన్పించిన మనిషి వివరమంతా రాసి, ఉస్తాద్ సంతకంతో పంపాలి. అప్పుడు సర్టిఫికెట్ వస్తుంది. శుక్రవారంతో గడువు సరి. తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

ఆమె ఓబులేసు గురించి రాసింది. బండల ఫ్యాక్టరీలో రాళ్లు కోసే పని అతనిది. నలభై రోజులు చుక్క ముట్టలేదు. నలభయ్యో రోజున హేమావతి అతని ఇంటివాళ్లను పిలిపించి, దండ వేయించి, అందరిచేతా చప్పట్లు కొట్టించింది. ఆ ఫోటోనే ఫైలు మొదటి పేజీకి అంటించింది.

ఆ మరుసటి రోజే ఓబులేసు ఫ్యాక్టరీ గేటు ముందు తాగి పడిపోయాడు.

శుక్రవారం పొద్దున ఆమె ఫైలు తీసుకుని ఉస్తాద్ దగ్గరికి వెళ్లింది. ఆయన బల్ల మీద కూర్చుని, చిరిగిన దోమతెరకు కుట్లు వేస్తున్నారు.

"నేర్చుకున్న పద్ధతి ప్రకారమే అంతా చేశాను, ఉస్తాద్. చెప్పాల్సిందంతా చెప్పాను. ఓబులేసే నన్ను మోసం చేశాడు" అంది.

ఉస్తాద్ సూదిలో దారం ఎక్కిస్తున్నారు.

"ఇప్పుడు ఇంకొకరి గురించి రాయడానికి టైం లేదు. నలభై రోజుల దాకా రాసింది ఉంది కదా. రాసినంతవరకూ అబద్ధమేమీ లేదు. పంపించెయ్యమంటారా?"

ఆయన దోమతెర పక్కన పెట్టి ఫైలు అందుకున్నారు. ఒక్కో పేజీ తిప్పారు. పద్నాలుగు పేజీలు.

"బాగా రాశావు బేటీ" అన్నారు. "నేను సంతకం పెడతాను. ముందు ఓబులేసుతో పెట్టించుకుని రా."

"ఆయనతోనా? ఆయనకి చదవడం రాదు, ఉస్తాద్."

"చదివి వినిపించు. ఆయన సంగతే కదా ఇది. అవునో కాదో ఆయనకే తెలుస్తుంది."

హేమావతి బండల కార్మికుల కాలనీకి వెళ్లేసరికి రెండు దాటింది. ఓబులేసు ఇంట్లోనే ఉన్నాడు. ఆమెను చూడగానే లేచి నిలబడి తల దించుకున్నాడు. అతని భార్య లక్ష్మక్క స్టూలు తెచ్చి వేసి, బిందె తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లిపోయింది.

హేమావతి తాగుడు మాట ఎత్తలేదు. వచ్చిన పని చెప్పి చదవడం మొదలుపెట్టింది. అతను గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని విన్నాడు. తాగుడుకు కారణాలు వచ్చాయి. స్నేహితుల ఒత్తిడి, ఒళ్లు హూనమయ్యే పని, తండ్రికి ఉన్న అలవాటు. వాడిన మందులు వచ్చాయి. మాట్లాడిన తేదీలు వచ్చాయి. పద్నాలుగు పేజీలూ అయ్యేసరికి ఆమె గొంతు తడారిపోయింది.

"శానా బాగుండాది మేడం" అన్నాడు ఓబులేసు. కాసేపాగి, "ఎవురి గురించి ఇది?" అని అడిగాడు.

"మీ గురించే, ఓబులేసన్నా."

అతను ఫైలు ఇటివ్వమని చెయ్యి చాచాడు. మొదటి పేజీలో ఫోటో చూశాడు. పక్కన నిలబడ్డ బావమరిది కేశవులు మీద వేలు పెట్టాడు.

"వీని గురించి ఏమీ రాయల్యా?"

"రాశాను కదా. కుటుంబ సహకారం బాగుందని."

ఓబులేసు వాకిలి వైపు చూశాడు. లక్ష్మక్క ఇంకా రాలేదు.

"వాని చెయ్యి పోయింది ఎట్లనో తెలుసునా మేడం?"

"మిషన్‌లో పడిందని చెప్పారు."

"బ్లేడు సందున రాతిముక్క ఇరుక్కుంటే వాడు వొంగి తీస్తా ఉండాడు. నేను సూసుకోల్యా. మీట నొక్కినా." అతని గొంతు మామూలుగానే ఉంది. "పోయిన కరెంటు వచ్చి దానంతటదే తిరిగిందని చెప్పినా. అందరూ నమ్మినారు. వాడూ నమ్మినాడు. ఆరేండ్లాయ. ఈ ఇంట్లోనే ఉంటాడు. పొద్దున్నే వాని సొక్కాయికి గుండీలు పెట్టేది నేనే."

హేమావతి ఫోటోలో కేశవులు మొండిచెయ్యి వైపు చూసింది.

"ఆ పొద్దు మీ కాడ దండేసింది వాడే కదా. ఒంటిచేత్తో ఏస్తే సరిగ్గా పడల్యా. సెవికి తగులుకున్యాది. మళ్లా తీసి, మొండిచేత్తో అదిమిపట్టి, సర్ది ఏసినాడు. మీరంతా సప్పట్లు కొడితిరి."

"దండ మీరే వెయ్యండి కేశవులన్నా, ఫోటో బాగా వస్తుంది" అని ఆ రోజు అన్నది తనే. ఆ మాట ఇప్పుడు ఆమె చెవిలో వినిపించింది.

వీధిలో బండల లారీ ఒకటి వెళ్లింది. దాని చప్పుడు పూర్తిగా తగ్గాక ఓబులేసు మళ్లీ నోరు తెరిచాడు.

"వానికి ఈ నిజం ఎట్లయినా..." అని ఆమె వైపు చూశాడు. ఆగిపోయాడు.

హేమావతి వాచీ చూసుకుంటోంది. నాలుగవుతోంది. కొరియర్ ఆఫీసు ఐదింటికి మూసేస్తారు.

"టైమాయనా మేడం?"

"ఇది పంపేసి వెంటనే వచ్చేస్తాను, ఓబులేసన్నా. మీరు చెప్పేదంతా వింటాను. ఇవాళే ఆఖరు రోజు."

"యాడ పెట్టల్ల సంతకం?"

ఆమె చూపించిన చోట అతను పేరులోని నాలుగక్షరాలూ విడివిడిగా, ఒత్తిపట్టి రాశాడు. "పోయిరా మేడం" అన్నాడు.

ఆటో ఎక్కి కేంద్రానికి వచ్చింది. దోమతెర పని ఇంకా అవలేదు. ఆయాసపడుతూ ఫైలు ఉస్తాద్ ముందు పెట్టింది.

"పెట్టాడు, ఉస్తాద్."

ఆయన ఓబులేసు అక్షరాలను కొద్దిసేపు చూశారు. పెన్ను తీసుకుని వాటి కింద తన సంతకం పెట్టి, తేదీ వేసి, ఫైలు మూసి ఆమె చేతికిచ్చారు.

"చదివితే ఏమన్నాడు?" అని అడిగారు.

"ఇందులో లేని సంగతి ఒకటి చెప్పాడు. అసలు సంగతి అదే." హేమావతి ఫైలును గుండెకు ఆనించుకుంది. "ఇంకేదో కూడా చెప్పబోయాడు. కొరియర్‌కి టైమవుతోందని వచ్చేశాను."

"అంటే, ఇంకా చెబుతున్నాడా?"

"అవును, ఉస్తాద్."

ఆయన తల ఎత్తి చూశారు. ఆ చూపులో కోపం లేదు.

"మరి నువ్విక్కడున్నావేం బేటీ?"

హేమావతి ఫైలు బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుంది.