నల్లరాళ్ల సీమలో మూడు కొబ్బరికాయలు

అనగా అనగా ఒక రాజు, ఆయనకి ముగ్గురు కొడుకులు. ఊ కొట్టండర్రా, లేకపోతే చెప్పను. ఉత్తరాన ఏడు సముద్రాల అవతల భస్మకేతుడనే మాంత్రికుడు ధవళాంగి అనే రాజకుమార్తెను చెరపట్టాడని విని పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. రెండోవాడు వెళ్లాడు, వాడూ రాలేదు. అన్నల్ని తీసుకురాకుండా మొహం చూపించనమ్మా అని తల్లికి మాటిచ్చి, చిన్నవాడు హేమాంగదుడు మూడు కొబ్బరికాయలు మూటగట్టుకుని ఓడెక్కాడు.

ఏడో సముద్రం దాటి కాలు కింద పెట్టాడో లేదో, నిర్ఘాంతపోయాడు. చెట్టూ లేదు, చేమా లేదు. నేలంతా మాడిన అన్నంలా నల్లగా గరగరలాడుతోంది. వందల కొండలు, ప్రతి కొండకీ నెత్తిన ఒక గొయ్యి. మధ్యలో ఆరు పలకల రాతిస్తంభాలు వేలకి వేలు. వీటిని ఎవడు చెక్కాడ్రా దేవుడా అనుకుంటూ ఒకదానికి చేరగిలబడ్డాడు.

అటుగా వచ్చిన తెల్లనక్క జాలిపడి సంగతంతా చెప్పింది. ఇక్కడ ఏ కొండైనా ఒక్కసారే నిప్పు కక్కుతుందట, మళ్లీ నోరు తెరవదట. అలా కక్కినప్పుడు భూమి కడుపులోని పచ్చరాయి నల్లరాయిలో చుట్టుకుని, గుండులా పైకొచ్చి పడిందట. అది మాంత్రికుడి గుమ్మం ముందే ఉంది, ఇంకా కాలుతూనే ఉంది, వాడి ప్రాణాలున్న చిలక దాన్లోనే ఉంది. ఉలికీ సుత్తికీ మాత్రం లొంగదట.

హేమాంగదుడు తిన్నగా ఆ గుమ్మానికే వెళ్లాడు. మాంత్రికుడు మంత్రదండం ఎత్తాడు. హేమాంగదుడు కొబ్బరికాయల మూట చూపించాడు.

"కొత్త గడప ముందు కొబ్బరికాయ కొట్టనిదే మావాళ్లు ఏ పనీ చెయ్యరు. కొట్టనిచ్చి, ఆ తర్వాత చంపు."

మాంత్రికుడు పుట్టి బుద్ధెరిగి కొబ్బరికాయ చూళ్లేదు. అదేమిటో చూద్దామని సరేనన్నాడు. మొదటి కాయ గుండుకేసి కొడితే నీళ్లు చుయ్యిమన్నాయి. రెండోది కొడితే రాయి చిటపటలాడింది. మూడోది కొట్టేసరికి కాలిన రాయి ఠప్పున రెండు చెక్కలైంది, చిలక చేతికి చిక్కింది.

మాంత్రికుడు కాళ్ల మీద పడ్డాడు. మా అన్నలేరని హేమాంగదుడు అడిగితే వాడిలా అన్నాడు.

"ఆ స్తంభాలన్నీ రాకుమారులే. అందులో మీ అన్నలెవరో నాకేం గుర్తు?"

ఇందాక తను ఆనుకుని కూర్చున్నది ఏ తల్లి కన్నబిడ్డో! ఒళ్లు జలదరించి చిలక మెడ విరిచేశాడు. మాంత్రికుడు బూడిదయ్యాడు, స్తంభాలన్నీ ఆవులిస్తూ మనుషులై లేచాయి. వేలమంది రాకుమారులు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ, చెర వీడి గుమ్మంలోకి వచ్చిన ధవళాంగి వైపు పరుగెత్తారు. హేమాంగదుడు మాత్రం ఆ తొక్కిసలాటలో అన్నల్ని పేరుపేరునా పిలుస్తూ తిరిగి, ఇద్దర్నీ వాటేసుకుని బావురుమన్నాడు.

ధవళాంగి అందర్నీ దాటుకుని అతని ముందు నిలబడింది.

"వీళ్లంతా నాకోసం వచ్చారు. నువ్వొక్కడివే అన్నల కోసం వచ్చావు. నేను నిన్నే చేసుకుంటాను."

హేమాంగదుడు ఆమెనీ అన్నల్నీ ఓడెక్కించుకుని ఇంటికెళ్లి, తల్లికి మొహం చూపించాడు. పెళ్లికి వేలమంది రాకుమారులూ బంతుల్లో కూర్చున్నారు. అన్నలిద్దరూ పట్టుబట్టి చిన్నవాణ్ణే గద్దె ఎక్కించారు, వాడు చాలాకాలం చల్లగా ఏలాడు.