పెంటమ్మ బరువు

అనగా ఒక కొండ, అనగా ఒక కారు, అనగా ఒక పెంటమ్మ. ఏ కాలమని అడక్కండి. నాకు తెలీదు, నాకు చెప్పిన మా అమ్మమ్మకీ తెలీదు. కొండ మీదికి బస్సు లేని రోజులని మాత్రం తెలుసు. వినేవాళ్ళు మధ్యలో లేవకూడదు, లేస్తే నేను మళ్ళీ మొదటికొస్తాను.

కొండ కింద, మనిషి దిగి కారు అడుగున పని చేసుకునే గుంటతో ఒక రిపేరు షెడ్డు ఉండేది. దాని మేస్త్రీ పరదేశి. అతను చెయ్యి పెడితే ఆగిన బండి కదులుతుందని పేరు. మంచి పనివాడే, కాదనను. ఒకరు చెబితే వినే చెవి మాత్రం దేవుడు అతనికి పెట్టలేదు. ఆ షెడ్డులో విప్పిన సామాన్లన్నీ కిరసనాయిల్లో కడిగే మనిషి పెంటమ్మ. మొగుడు లేడు, పిల్లలు లేరు. పొద్దున్నే వచ్చేది, మూల ముక్కాలిపీట వేసుకునేది, కడుగుతూ ఉండేది. నట్టిస్తే నట్టు, బోల్టిస్తే బోల్టు, నోరెత్తకుండా కడుగుతూ ఉండేది.

కొండ మీద ఉన్నది ఒక్కటే కారు. ఎవరో కాఫీ తోట దొర వదిలేసి పోయిన పాత నల్ల కారు. దాన్ని లోవరాజు నడిపేవాడు.

ఒకనాడు కొండ మీది గూడెంలోకి పిచ్చికుక్క వచ్చింది. అయిదుగురు పిల్లల్ని కరిచింది. ఆ అయిదుగురిలో లోవరాజు కూతురు బుచ్చి కూడా ఉంది. అప్పట్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచేవారు. రోజుకొకటి.

"ఒక్క రోజు కూడా తప్పకూడదు లోవరాజూ, తప్పితే నా చేతిలో ఏమీ లేదు," అన్నాడు కొండ కింది ఆసుపత్రి డాక్టరు.

కిందే ఎక్కడైనా ఉంచుదామంటే పిచ్చికుక్క కరిచిన పిల్లలకి ఎవరూ గది ఇవ్వలేదు. పెంటమ్మ తన పాక ఇస్తానంది. ఆ వీధి వాళ్ళంతా వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. ఏం మనుషులో, తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఇంకేం చేస్తాడు లోవరాజు? రోజూ పదిహేడు మలుపులు దిగాలి, రోజూ పదిహేడు మలుపులు ఎక్కాలి.

మొదటి రోజే కారు వెనక నుంచి టక్కు టక్కుమని చప్పుడు. పిల్లలకి సూదులు వేయించి లోవరాజు కారుని షెడ్డుకి తెచ్చాడు. పరదేశి కిందికి దూరి చూశాడు.

"ఎనక కమాను కట్టల బుష్షులు పోనాయి," అన్నాడు.

బుష్షులంటే ఏమిటని అడుగుతారు, చెబుతాను. వెనక చక్రాల ఇరుసుని పట్టి ఉంచేవి కమాను కట్టలు. ఆ కట్టల చివర చెవుల్లాంటి కంతల్లో దూర్చి, బోల్టు వేసి బిగించే రబ్బరు ముక్కలు బుష్షులు. అరచేతిలో ఇమిడిపోతాయి. అవి పోతే మలుపులో కారు ముందు భాగం ఒక దారి, వెనక భాగం ఒక దారి.

పరదేశి కారుని జాకీల మీద లేపాడు. వెనక చక్రాలు గాల్లో వేలాడాయి. పాత బుష్షులు తీశాడు, కొత్తవి కొట్టాడు. పానాకి బారెడు ఇనప గొట్టం తగిలించాడు, ఒళ్ళంతా బరువు వేసి బిగించాడు. అప్పుడు కారు దింపాడు.

"ఇంక పదేళ్ళు సూసుకోనక్కర్నేదు," అన్నాడు.

అయిదో రోజుకి మళ్ళీ టక్కు టక్కు. సూదులయ్యాక కారు షెడ్డుకొచ్చింది. పరదేశి రబ్బరుని తిట్టాడు, రబ్బరు అమ్మినవాణ్ణి తిట్టాడు. చిరిగిన బుష్షుల్ని పెంటమ్మ ముందు పడేశాడు. పెంటమ్మ వాటిని కడిగింది, వేళ్ళతో తడిమింది.

"మేస్త్రీ, ఇయ్యి అరగనేదు. మెలిపడి సిరిగిపోనాయి," అంది.

"అయితే ఏటంటావు?"

"సక్రాలు గాల్లో ఉండగానే నువ్వు బిగించేత్తన్నావు. కారు దింపితే బరువు పడి కమాను కదుల్తాది. బిగించేసిన రబ్బరు కదల్నేదు. తడిబట్ట పిండినట్టు మెలి తిరిగిపోతాది. కారు నేల మీద నిలబెట్టి బిగించాల."

షెడ్డంతా నవ్వింది. "కడిగేదానివి కడుగు," అన్నాడు పరదేశి. పెంటమ్మ తలొంచుకుని కడిగింది. పరదేశి గొట్టం తగిలించాడు, గాల్లోనే బిగించాడు, అప్పుడు దింపాడు.

"ఇంక పదేళ్ళు సూసుకోనక్కర్నేదు," అన్నాడు.

తొమ్మిదో రోజు. లోవరాజు పిల్లలతో దిగుతున్నాడు. పదకొండో మలుపులో స్టీరింగు ఎడమకి తిప్పాడు. ముందు చక్రాలు తిరిగాయి. వెనక భాగం తిరగలేదు, పక్కకి జారిపోయింది. పిల్లలు అయిదుగురూ ఒకే వైపు కుప్పగా పడ్డారు. వెనక చక్రం ఒకటి రోడ్డంచు రాయి ఎక్కి ఆగింది. రాళ్ళు లోయలోకి దొర్లాయి, ఎంతసేపటికీ వాటి చప్పుడు వినిపించలేదు.

లోవరాజు వెనక్కి తిరిగి తలలు లెక్కపెట్టాడు. అయిదు ఉన్నాయి. పిల్లల్ని ఒక్కొక్కరినే దింపి, నడిపించి, వాళ్ళ వెనకాల కారుని అంగుళం అంగుళం కిందికి తెచ్చాడు. సూదులు పడ్డాయి. ఇంకా అయిదు సూదులు మిగిలాయి.

షెడ్డులో బుష్షులు ఇంకొక్క జత ఉంది. పట్నం నుంచి తెప్పించాలంటే పది రోజులు. అవీ చిరిగితే పిల్లలకి సూది లేదు. చిరిగిన సంగతి దారిలో తెలిస్తే పిల్లలే ఉండరు. ఇది లోవరాజుకి తెలుసు, పరదేశికి తెలుసు. ఆ రోజు షెడ్డులో ఎవరూ నవ్వలేదు.

పరదేశి కారు లేపాడు. చిరిగినవి తీశాడు, కొత్తవి కొట్టాడు. పానా బోల్టుకి పెట్టి, గొట్టం కోసం చెయ్యి వెనక్కి చాపాడు. గొట్టం లేదు.

గొట్టం పెంటమ్మ ఒళ్ళో ఉంది. పెంటమ్మ కారు వెనక సీట్లో ఉంది. జాకీల మీద కారు కిర్రుమంది.

"దిగవే. కారు మీద పడతాది, సస్తావు," అన్నాడు పరదేశి.

"దిగను. కారు దింపు. గుంట మీద నిలబెట్టి, నువ్వు గుంటలోకి దిగి బిగించు."

"నా షెడ్డులో నాకే పని నేర్పుతావా? రేపట్నుంచి రాకు."

"రాను బాబూ. నాకు కూడు ఇంకోకాడ దొరుకుతాది. ఆ అయిదుగురు పిల్లలు ఇంకోకాడ దొరకరు."

పరదేశి మొహం కందగడ్డయింది. అప్పటిదాకా గోడకానుకుని ఉన్న లోవరాజు ముందుకొచ్చాడు.

"దింపు మేస్త్రీ. రెండుసార్లు నీ మాటిన్నాను. ఈసారి పెంటమ్మప్ప మాటింటాను. నా కూతురు అందులో కూకుంటాది."

పరదేశి కాసేపు పళ్ళు నూరాడు. తర్వాత జాకీలు దింపాడు. కారుని గుంట మీదికి తోశారు. పిల్లల బరువు కోసం పెంటమ్మ పక్కన రెండు బియ్యం బస్తాలు వేయించుకుంది. పరదేశి గుంటలోకి దిగాడు. కింద నుంచి కోపంగా గొంతు వచ్చింది.

"పెంటమ్మా, కూకున్నావా?"

"కూకున్నాను. బిగించు."

ఈసారి పదేళ్ళ మాట ఎత్తలేదు పరదేశి.

సాయంత్రం పిల్లలతోపాటు పెంటమ్మ కూడా కొండెక్కింది. తెల్లారి వాళ్ళతోనే దిగింది. ఒక మలుపు, రెండో మలుపు, మూడో మలుపు. పదకొండో మలుపు ముందు లోవరాజు కారు ఆపేశాడు.

"అప్పా, నావల్ల కాదు," అన్నాడు.

పెంటమ్మకీ భయమే. ఆవిడేమైనా ఇనపదా? బుచ్చిని ఒళ్ళోకి లాక్కుంది.

"పోనియ్యి నాయనా. నేనూ ఇందులోనే ఉన్నాను కదా," అంది.

లోవరాజు స్టీరింగు తిప్పాడు. ముందు తిరిగింది, దాని వెంటే వెనకా తిరిగింది. చప్పుడు లేదు. పదిహేడూ దిగారు. ఆ రోజు దిగారు, మర్నాడు దిగారు, పద్నాలుగో సూది దాకా దిగారు. అయిదుగురూ బతికారు. ఆఖరి రోజు లోవరాజు ఆసుపత్రి మెట్ల మీద కూచుని భోరున ఏడిస్తే, బుచ్చి అతని కళ్ళు తుడిచింది.

మరి పెంటమ్మ పని పోయిందా? పోలేదు. పదిహేనో రోజు పొద్దున ముక్కాలిపీట మూలే ఉంది. వచ్చి కూచుంది, కడిగింది. ఎవరూ ఏమీ అనలేదు. నీ మాటే నిజమైందే అని పరదేశి కూడా అనలేదు. అంటే ఏం పోయేది, మీరే చెప్పండి. కాకపోతే అప్పట్నుంచి ఏ కారుకి బుష్షులు వేసినా నేల మీదే బిగించేవాడు. గుంటలోంచి, "పెంటమ్మా, కూకున్నావా?" అని కేకేసేవాడు. ఆవిడ కూకున్నానంటే బిగించేవాడు.

ఎన్నేళ్ళకో ఒక వానాకాలం జ్వరమొచ్చి పెంటమ్మ పోయింది. పది రోజుల తర్వాత ఒక కారొచ్చింది. పరదేశి బుష్షులు కొట్టాడు, గుంటలోకి దిగాడు.

"పెంటమ్మా, కూకున్నావా?"

జవాబు లేదు. పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి పిలవబోయి ఆగిపోయాడు. పైకొచ్చి, కారు తలుపు పట్టుకుని ఖాళీ సీటు చూశాడు.

"ఆ మనిసి నాకు పని నేర్పింది. బతికుండగా ఒక్కసారి సెప్పనేకపోయాను," అని అందరి ముందూ ఏడ్చాడు. ఆ రోజు ఇంక పానా ముట్టుకోలేదు.

ఇప్పటికీ ఆ కొండ కింది షెడ్లలో బుష్షులు బిగించే ముందు వెనక సీట్లో వేసే బస్తాలని పెంటమ్మ బరువు అంటారు. బస్తాల పక్కన షెడ్డులో అందరికన్నా చిన్న పని చేసేవాళ్ళు కూచోవాలి. కారు ఎంత పెద్దాయనదైనా సరే, ఆయన బయటే నిలబడాలి. కూచున్నది ఆడైనా మగైనా పిలుపు ఒక్కటే, "పెంటమ్మా, కూకున్నావా?" లోపలి మనిషికి ఏదైనా తప్పు తోస్తే అప్పుడే చెబుతారు. లోపల్నుంచి కూకున్నాననే మాట వచ్చేదాకా, ఎంత పేరున్న మేస్త్రీ అయినా పానా పట్టుకుని, గుంటలో తల పైకెత్తుకుని ఎదురు చూస్తాడు.