ఎవరూ తాగని తొట్టి

ఎర్రకొండ కింది చిట్టడవిలో వేసవి వచ్చిందంటే నీళ్లుండే చోటు ఒక్కటే. కొండ చరియలో రాతి సందు నుంచి ఊట చుక్క చుక్కగా జారి కింద చిన్న మడుగు కట్టేది. కుందేలు నుంచి కణుజు దుప్పి దాకా అందరి గొంతులూ అక్కడే తడిసేవి. ఆ మడుగుకి ఎవరూ పేరు పెట్టలేదు, దాని గురించి ఉపన్యాసాలూ ఇవ్వలేదు. ఏమైనా లోపముంటే అదొక్కటే.

ఆ ఏడు ప్రపంచంలోని అడవులన్నీ మహాసభ జరిపి పదిహేడు లక్ష్యాలు పెట్టుకున్నాయి. మంచి లక్ష్యాలే, వంక పెట్టడానికి లేదు. అందులో ఆరోది, అందరికీ తాగే నీళ్లు. ఎర్రకొండ అడవిలో దాన్ని అమలు చేసే పని నక్క మీద పడింది. పడిందనడం కన్నా, నక్కే వెళ్లి నెత్తిన పెట్టుకుందంటే నిజం. బాగా అమలు చేసినవాళ్లను వచ్చే మహాసభలో వేదిక ఎక్కించి మాట్లాడిస్తారని దాని చెవిన పడింది మరి.

నక్క ఒక రాతి తొట్టి కట్టించింది. ఊట దగ్గర వెదురు గొట్టం పెట్టి, మడుగులో పడే చుక్కలన్నిటినీ తొట్టిలోకి మళ్లించింది. నెల తిరిగేసరికి తొట్టి నిండవచ్చింది, మడుగు ఎండింది. నక్క తొట్టి చుట్టూ రేగు కంప వేయించింది.

"ఎవరూ ముట్టుకోగూడదు. మహాసభ నుంచి తనిఖీకి పెద్దబాతు మేడం వస్తాంది. ఆమె చూసేపాటికి నీళ్లు అంచు దాకా ఉండాల. అందాకా రెండు గుట్టల అవతల ఏటికి పోయి తాగండి" అని చాటింది.

నడవగలిగినవాళ్లు ఏటికి పోయారు. కౌజు పిట్టకు మాత్రం ఇంకా రెక్కలు రాని పిల్లలు ఏడున్నాయి. వాటికి రెండు గుట్టలంటే రెండు లోకాలు. అది ముసలి ఎద్దు దగ్గరికి వచ్చింది. బతుకంతా కాడి మోసి, చివరికి అడవిలో చేరిన ఎద్దది. దాని మాట మీద అందరికీ గురి.

"తాతా, పిల్లోళ్లు నోళ్లు తెరుచుకోని పడుండారు. ఆ తొట్లోంచి రెండు చుక్కలు ఇప్పియ్యి."

"నాలుగు దినాలు ఓర్చుకో తల్లీ. మనందరి కోసమే కదా కట్టింది" అంది ఎద్దు.

నాలుగు రోజుల తర్వాత కౌజు మళ్లీ వచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు.

"ఇద్దరు పోయినారు తాతా" అంది.

ఎద్దు నెమరు ఆపేసింది. జీవితమంతా తన ఓర్పు తనది, తన దాహం తనది. ఇప్పుడు తను ఓర్చుకోమంది ఇంకొకరి పిల్లల్ని. ఆ సంగతి అర్థమయ్యాక ఎద్దు సిగ్గుతో తల దించుకుంది.

మర్నాడు పొద్దున్నే పెద్దబాతు దిగింది, మెడలో ప్రశ్నలు రాసిన ఆకుల కట్టతో. నక్క ఎదురెళ్లి వంగి వంగి దండాలు పెట్టింది.

"తొట్టి ఉందా?" అని ఆకు చూసి అడిగింది బాతు.

"ఉంది మేడం."

"నిండుగా ఉందా?"

"అంచు దాకా మేడం. మా అడవిలో దాహం అన్న మాటే వినపడదు."

బాతు ఆకు మీద ముక్కుతో గుర్తు పెట్టబోయింది. అప్పుడు ఎద్దు ముందుకొచ్చింది.

"అమ్మా, నాకు చదువు రాదు. తొట్టి లోపలికి కాదు, తొట్టి కిందికి చూడండి."

"కిందేముంది?"

"ఏమీ ల్యా. అదే నేను చెప్పేది. నీళ్లు తాగే చోట బురదుంటాది, గిట్టల గుర్తులుంటాయి. తాగేటప్పుడు మూతి నుంచి కారేది కారతాది కదా. ఈడ చూడండి, మన్ను ఎట్ల దుమ్ము లేస్తాందో."

బాతు కిందికి వంగి చూసింది. నక్క వెంటనే అందుకుంది.

"పరిశుభ్రతలో కూడా మేమే ముందు మేడం! పొద్దున్నే ఊడిపిస్తాం. అది వేరే లక్ష్యం కింద రాసుకోవచ్చు."

"మంచిది. అయితే ఇప్పుడు అందరినీ తాగమనండి, చూస్తాను."

"ఇప్పుడా?" నక్క గొంతు పెరిగింది. "తాగితే తగ్గిపోతుంది కదా మేడం! మీ ఆకులో ఉన్నది నిండుగా ఉందా అనే కదా!"

అన్నాక గానీ తనేమందో నక్కకు తెలియలేదు. ఎద్దు కొమ్ములతో రేగు కంప పక్కకు నెట్టింది.

జీవాలన్నీ వచ్చి పడ్డాయి. అందరికన్నా వెనక కౌజు, ఐదు పిల్లలతో వచ్చింది. అందులో ఒకటి నిలబడలేక తల్లి రెక్క కింద వేలాడుతోంది. తొట్టి అంచేమో వాటికి ఆకాశమంత ఎత్తు.

"వీళ్లకెలా అందుతుంది?" అంది బాతు.

"కొలతలు మహాసభ పంపినవే మేడం" అంది నక్క.

అది మాత్రం నిజమే. ఆ కొలతలు చలిదేశపు పొడుగు దుప్పులను చూసి వేసినవి. బాతు తల దించుకుంది.

ఎద్దు మూతి ముంచి, నోటినిండా నీళ్లు పట్టి, కింద వదిలింది. తడిసిన మన్ను మీద గిట్ట నొక్కి తీసింది. ఆ గుంటలోకి మళ్లీ నీళ్లు వదిలింది. కౌజు తన పిల్లను గుంట పక్కన దించింది. పిల్ల ముక్కు ముంచి, తల పైకెత్తి మింగింది. మళ్లీ ముంచింది. ఆ చిన్న గొంతు కదులుతుంటే ఎద్దు చూడలేక మొహం తిప్పుకుంది.

మధ్యాహ్నానికి తొట్టి అడుగు కనిపించింది. నక్కకు ప్రాణం లేచొచ్చింది.

"ఖాళీ మేడం! ఇప్పుడేం రాస్తారు?"

బాతు ఆకుల కట్ట వెనక్కి తిరగేసింది.

"ఇంతవరకు పదకొండు అడవులు చూశాను. అన్నిచోట్లా తొట్లు నిండుగానే ఉన్నాయి. సంతోషంగా రాసుకుని వచ్చాను. ఒక్కచోట కూడా కింద నేల చూడలేదు."

"ఆ అడవుల్లో కౌజులుంటాయా అమ్మా?" అని అడిగింది కౌజు.

బాతు ఆకు మీది ప్రశ్నను కొట్టేసి, ఎద్దు వైపు చూసింది.

"ఇక్కడ ఏం రాయమంటావు?"

"ఎవరెవరు తాగినారో రాయండి. అందరికన్నా కడాకు ఎవరు తాగినారో అదీ రాయండి" అంది ఎద్దు.

ఆ సాయంత్రమే అడవిలో అందరూ కూర్చుని రెండు నిర్ణయాలు చేసుకున్నారు. ఊటలో సగం చుక్కలు మళ్లీ మడుగులోకి వదలాలి. తొట్టి బాధ్యత నక్కకే ఉంచాలి, కాకపోతే రోజూ అందరూ తాగాక, కౌజు పిల్లలు కూడా తాగాక, నక్క తాగాలి. ఆ వేసవంతా నక్క నాలుక చాపుకుని వరస చివర నిలబడింది. తన ముందున్న ఐదు పిల్లల కడుపులు త్వరగా నిండాలని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మనస్ఫూర్తిగా కోరుకుంది.

నీతి: అందరికీ అందిందా లేదా అన్నది నిండిన తొట్టిని కాదు, చివర నిలబడ్డ గొంతును అడగాలి.