కొత్తపేట తాడులాట

కనకపురి రాజు చిత్రసేనుడు ఒకనాడు సభలో అలిగి కూర్చున్నాడు. నానా ఊళ్ళ పనివాళ్ళని పిలిపించి, కోట పక్కనే కొత్తపేట కట్టించి ఏళ్ళు గడిచాయి. ఇవాళ్టికీ "ఏ ఊరు మీది?" అంటే ఒకడు ఏటిమొగ అంటాడు, ఇంకొకడు కొండకిందిపల్లె అంటాడు. కొత్తపేట అన్నవాడు ఒక్కడూ లేడు.

"ఈ పేట మాదీ అని వాళ్ళ నోట అనిపించినవాళ్ళకి నా చేతి కంకణం ఇస్తాను," అన్నాడు.

కొత్వాలు గంగరాజు మీసం సవరించుకున్నాడు. ఆయనది తాతల నాటి పాతపేట. కంకణం మీద ఆశతో కొత్తపేట వీధి మొదట్లో పెద్ద రాతి ద్వారం నిలబెట్టి, పేట పేరు చెక్కించాడు. జనం దాని నీడన చక్కగా కూరగాయలు అమ్ముకుంటూ, ఏటిమొగ, కొండకిందిపల్లె అంటూనే ఉన్నారు.

అప్పుడు సభలో విదూషకుడు బుచ్చన్న లేచాడు.

"వసంతోత్సవంలో రెండు పేటలకీ తాడులాట పెట్టించండి ప్రభూ. కొత్వాలుగారూ, మీ పాతపేట గెలుస్తుందంటారా?"

"ఊరూ పేరూ లేని మూకతో పందెమా? మా ముసలాళ్ళు చాలు."

"ఈ మాట దండోరా వేయించనా?"

"నిక్షేపంగా వేయించు."

డప్పు మోగింది. కొత్తపేట కుతకుతలాడిపోయింది. ఎన్నడూ పక్కింటి గడప తొక్కని నేతగాడు సాంబయ్య, కుండలు చేసే ఎర్రన్న తలుపు తట్టాడు.

"విన్నావా, మనల్ని ఏమన్నాడో?"

వీధిలో పోతున్న బుచ్చన్న చెవిన ఆ 'మనల్ని' పడింది. పాయసం తాగినంత హాయిగా ఇంటికి పోయి పడుకున్నాడు.

ఉత్సవం నాడు మగాళ్ళు తాడు పట్టారు. ఆడవాళ్ళు మజ్జిగ కడవలతో వచ్చి కేకలు పెట్టారు. తాడు చాలాసేపు అటూ ఇటూ ఊగింది. చివరికి కొత్తపేట బొక్కబోర్లా బురదలో పడింది.

కొడుకు మొహం కొంగుతో తుడుస్తున్న ఒక అవ్వ దగ్గరికి రాజు వెళ్ళాడు.

"ఏ ఊరవ్వా మీది?"

"కొత్తపేట దొరా. మావాళ్ళకి కాలు జారింది గానీ, లేకపోతేనా?"

"వచ్చే ఏడు చూద్దురు గాని, మా కొత్తపేట తడాఖా," అన్నారు బురదలోంచి లేస్తున్నవాళ్ళు.

గంగరాజు నవ్వాడు. "ఓడినవాళ్ళకి ఎంత బడాయి! బుచ్చన్నా, నీ పందెం పోయినట్టేగా?"

బుచ్చన్న రాజుకి చేతులు జోడించాడు.

"కంకణం కొత్వాలుగారికే ఇప్పించండి ప్రభూ. రాయి నిలబెట్టి చేయలేని పని, నోరు జారి చేసిపెట్టారు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. గంగరాజు మీసాలు కూడా కాసేపు బిగుసుకుని, చివరికి నవ్వుతో వణికాయి. కంకణం బుచ్చన్న చేతికి తొడిగి, రాజు కొత్వాలు వైపు తిరిగాడు.

"ఏటేటా ఆ మాట మాత్రం నువ్వే అనాలయ్యా."